పైడమ్మ రైలు పాసు

పూర్వం ఒక రాజ్యంలో సముద్రపు ఒడ్డుకు షికారు వెళ్ళేవాళ్ళ కోసం రైలు వేశారు. మంచు నెలల్లో సముద్రం కనబడక జనం రాక, పెట్టెలు ఖాళీగా నడిచి నష్టం వస్తుంటే మేనేజరు చాటింపు వేయించాడు: “సముద్రం కనిపించనివారికి మళ్ళీ ఉచిత ప్రయాణం!”

చూపులేని పైడమ్మ భర్త చెయ్యి పట్టుకుని వెళ్ళొచ్చింది. “నాకు కనిపించలేదు బాబూ,” అంది.

మేనేజరు మండిపడ్డాడు. “నువ్వు ఎన్నిసార్లు వెళ్ళినా కనిపించదు!”

“అయితే ఎన్నిసార్లయినా తీసుకెళ్ళాలి కదా? చెయ్యి పట్టుకునే మనిషిని కూడా.”

టికెట్ల కోసం నిలబడ్డవాళ్ళంతా అతనివైపే చూశారు. మాట తప్పితే వాళ్ళు వెనక్కి పోతారని భయపడి, ఇద్దరికీ పాసు రాసిచ్చాడు.

మర్నాడు ఇద్దరూ అలల్లో నిలబడ్డారు.

“అంతా మంచే పైడీ, నాకేమీ కనబడట్లేదు,” అన్నాడు భర్త.

పైడమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఎలా ఉందో నేను చెబుతా, విను మావా.”