గుండిగ దించమన్న మాట

చిన్న కథే. గుండిగ పొయ్యి ఎక్కి దిగే లోపల అయిపోతుంది. అయితే ఆ రోజు గుండిగ దిగడమే ఆలస్యమైంది కాబట్టి, ఈలోగా రాళ్లవాగు మఠం సంగతులు కొన్ని చెప్పుకోవచ్చు.

ఆ మఠానికి గురువు సవారమ్మ అవ్వ. గురువు కూర్చునే గద్దె అంటే సింహాసనమేమీ కాదు. ఒక బండ, దాని మీద ఒక గొంగడి. గొంగడికి చిల్లులు కూడా ఉన్నాయి. ఆ చిల్లుల గొంగడి మీదే మద్దిలేటి సారు మనసు పడింది.

మద్దిలేటి టౌనులో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేవాడు. క్లాసులు మానేసి వచ్చి అవ్వకు శిష్యుడయ్యాడు. మనిషి మంచివాడు, నిలకడే లేదు. కూర్చుంటే మోకాలు ఊపుతాడు. నిలబడితే చొక్కా గుండీలు తిప్పుతాడు. ధ్యానానికి కూర్చునేటప్పుడు ఆయన పక్కన చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. చాప కదులుతూ ఉంటే దేవుడు కుదురుకోడని మిగతావాళ్ల అభిప్రాయం.

ఆయన్ను తినేస్తున్న ప్రశ్న ఒక్కటే. అవ్వ తర్వాత ఆ గద్దెకు తాను సరిపోతాడా, సరిపోడా?

మఠంలో ఏటా జరిగే ఆరాధనకు ముందురోజు అవ్వ శెనక్కాయలు ఒలుస్తూ ఉంటే పోయి ఎదురుగా కూర్చున్నాడు.

"అవ్వా, నాలో ఏముందో, ఏం లేదో తేలిపోవాల."

"ఏముండాల నాయనా?"

"అదే చిక్కు. ఇంగ్లీషులో ఒక్కో దానికి ఒక్కో మాట ఉంది. గుండిగలో ఎంత బియ్యం పడుతుందో అది కెపాసిటీ. దాన్ని ఉరుకుందప్ప ఈ పొద్దు ఎత్తగలిగితే ఎబిలిటీ. ఈ పొద్దు ఎత్తలేడు, బాగా మేపితే రేపెప్పుడో ఎత్తుతాడు అనుకుంటే కేపబిలిటీ. పుట్టుకతోనే వచ్చింటే టాలెంటు. చేసి చేసి చెయ్యి తిరిగితే స్కిల్లు."

ఉరుకుందప్ప మఠానికి కట్టెలు కొట్టే మనిషి. అప్పుడు నీడన పడుకుని ఉన్నాడు. కళ్లు తెరవకుండానే అడిగాడు. "మేపేది ఎవురు సారూ? ఎప్పట్నుంచి?"

అవ్వ మాత్రం నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఇన్ని ఉన్నాయా. వీటిల్లో నీకు ఏది తక్కువ పడింది?"

"అది తెలియకే నిద్ర పట్టడం లేదు. ఎబిలిటీ ఉందనుకుంటా. కేపబిలిటీకి లోటు లేదు. కెపాసిటీ దగ్గరే అనుమానంగా ఉంది."

అవ్వ ఒలిచిన గింజలు ఆయన దోసిట్లో పోసింది. "రేపు పొయ్యి కాడ నువ్వు నిలబడు. నేను నోరు తెరవను."

ఉరుకుందప్ప కళ్లు తెరిచాడు.

ఎందుకు తెరిచాడో చెప్పాలి. ఆరాధన నాడు వచ్చిన జనానికంతా ఒకే గుండిగలో అన్నం వండుతారు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసి, "దించండి" అనేది గురువే. ఆ మాట పడేదాకా గుండిగను ఎవరూ ముట్టరు, మాడినా సరే. ఏ ఏడు గురువు నోరు తెరవకుండా ఊరుకుంటే, ఆ ఏడు ఆ మాట ఎవరి నోట్లోంచి వస్తే వాళ్లే తర్వాతి గురువు. సవారమ్మ గద్దె ఎక్కిందీ అట్లాగే. ఎందుకిట్లా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగిన వాళ్ల విస్తట్లో పప్పు తక్కువ పడుతుందని ఒక నమ్మకం.

ఆరాధన నాడు అవ్వ నోరు తెరవదన్న సంగతి ఉరుకుందప్ప పుణ్యమా అని పొద్దెక్కకముందే అందరికీ తెలిసింది. మఠం వాళ్లంతా పెదవులు బిగించి కూర్చున్నారు. గద్దె ఎక్కితే తెల్లవారకముందే లేవాలి కదా.

మద్దిలేటి భార్య సుంకులమ్మ కూడా ఆ పొద్దున్నే సంచి పట్టుకుని దిగింది, మొగుణ్ణి ఇంటికి పిలుచుకుపోదామని. ఆమెకు ఈ కట్టడి గురించి ఏమీ తెలియదు. మొగుడు ఆమెతో మాట్లాడేదంతా ఇంగ్లీషు గురించే.

"వస్తావా, రావా? ఒక మాట చెప్పు," అంది.

"ఈ అన్నం దిగనీ, చెప్తా," అన్నాడు మద్దిలేటి.

గుండిగ ఉడుకుతోంది. దాని చెవుల్లో దుంగ దూర్చి, అటు ఉరుకుందప్ప, ఇటు ఇంకొకడు ఎత్తడానికి వంగి నిలబడ్డారు. మద్దిలేటి గరిటెతో ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపాడు. సరిగ్గా ఉడికింది. పలుకు లేదు, మెత్తబడలేదు. ఆ సంగతి ఆయన వేళ్లకు తెలిసిపోయింది.

అయితే అది ఈ పక్క మెతుకు. ఆ పక్కది ఎట్లుందో. ఆ పక్కకు పోయి చూశాడు. అదీ ఉడికింది. అడుగున ఎట్లుందో. అడుగునుంచి తీసేలోపల పైదాని మీద మళ్లీ అనుమానం వచ్చింది.

"సారూ, నడుము పట్టేస్తుండాది," అన్నాడు ఉరుకుందప్ప.

"ఒక్క నిమిషం."

"ఇంగ్లీషు నిమిషమా, మనదా?"

వరసల్లో కూర్చున్న జనం విస్తర్లు సర్దుకుంటున్నారు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మద్దిలేటి పొయ్యి చుట్టూ తిరుగుతున్నాడు, మెతుకులు నలుపుతున్నాడు, చొక్కాకు తుడుచుకుంటున్నాడు. మెతుకు చితికింది. తర్వాతి మెతుకు వేళ్లకు అంటుకుంది. ఆ తర్వాత నలపడానికి మెతుకంటూ లేదు. గంజి వార్చే పని కూడా తప్పింది. అన్నం మొత్తం ముద్దై, నడుమ బుడగలు వేస్తోంది.

మద్దిలేటి చేతులు వేలాడేసి నిలబడిపోయాడు.

అవ్వ లేచింది. లోపలికి పోయి రాగిపిండి సంచి తెచ్చి గుండిగలో కుమ్మరించింది, మూత పెట్టింది. పిండి ఆవిరికి మగ్గాక మూత తీసి, పెద్ద తెడ్డు మద్దిలేటి చేతికిచ్చింది. ఆ తర్వాత పోయి ఆకలిగొన్న జనం మధ్యలో విస్తరి వేసుకుని కూర్చుంది.

మద్దిలేటి సంగటి గెలికాడు. సంగటి గెలకడమంటే పాఠం చెప్పినట్టు కాదు. భుజాలు పీకాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గెలికేకొద్దీ ఉండలు విరిగిపోయి పిండి, అన్నం కలిసిపోయాయి. పచ్చివాసన పోయి కమ్మని వాసన లేచింది. ఈసారి ఆయన ముక్కుకు తెలిసింది, అయిందని.

అవ్వ వైపు చూశాడు. అవ్వ విస్తరి మీద నీళ్లు చల్లుకుంటోంది.

మాట గొంతు దాకా వచ్చింది. ఇది అన్నం కాదు కదా, సంగటికి ఆ కట్టడి వర్తిస్తుందా అని ఒక్క క్షణం ఆలోచించాడు.

"దించండయ్యా, బస్సు పోతుంది," అంది సుంకులమ్మ.

ఉరుకుందప్పకు అన్నది ఎవరో చూసే ఓపిక లేదు. గుండిగ లేచింది, కిందికి దిగింది.

అప్పుడు అందరూ తిరిగి చూశారు.

"అన్నది ఎవురు?" అంది అవ్వ.

"నేనే. ఏం, తప్పా?"

"కాదు తల్లీ. కూర్చో, తిను."

సుంకులమ్మ కూర్చుంది. మద్దిలేటి ఆమె విస్తట్లో సంగటి ముద్ద పెట్టాడు. ఆమె తింటూ తింటూ, ఉప్పు ఇంకాస్త పడాల్సింది అంది. బస్సు పోయింది.

అవ్వ కాలం చేశాక, ఆ కట్టడి ప్రకారమే సుంకులమ్మ గద్దె ఎక్కింది. మొదటి రోజు ఉపదేశానికి వచ్చి ఎదురుగా కూర్చున్నది మద్దిలేటి ఒక్కడే.

ఏం కావాలని ఆమె అడిగింది. ఆయన ఏమీ వద్దని తల అడ్డంగా ఊపాడు, మోకాలు మాత్రం ఊపలేదు.