నడికట్టు పట్టలేని కియోమారు

అనగనగా, మనకంటే ముందు పొద్దుపొడిచే దేశంలో, సముద్రం పక్కన ఒక ఊళ్ళో కియోమారు అనే సుమో వస్తాదు ఉండేవాడు బంగారూ. మనిషి కొండంత. బుగ్గలు మాత్రం నీ బుగ్గల్లాగే, దూదిపింజలు.

సుమో అంటే కుస్తీయే. ఎత్తైన మట్టిగోదా మీద ఇసక చల్లి, గడ్డితాడుతో గుండ్రంగా గిరి కడతారు. అవతలివాణ్ణి ఆ గిరి దాటిస్తే గెలిచినట్టు. చాలామంది నడికట్టు పట్టి ఎత్తి అవతల దించేవారు. పాపం, కియోమారు వేళ్ళు ఒకసారి విరిగి అతుక్కున్నాయి. ఆ తర్వాత ముడుచుకోవడం మానేశాయి. పట్టు దొరికేది కాదు.

అప్పుడు అతని గురువు హిదెసాబురో, "పట్టలేకపోతే తొయ్యి నాయనా," అన్నాడు.

ఆ తర్వాత రోజూ మంచు కురిసే పొద్దున్నే, కియోమారు కొయ్యస్తంభాన్ని అరచేతులతో తోసేవాడు. ధబ్, ధబ్, ధబ్. ఊరు ఆ చప్పుడుని నిద్దట్లోనే వినేది.

మొదటి పోటీలో విసురుగా మీదికెళ్ళాడు. అవతలివాడు పక్కకి తప్పుకున్నాడు. కియోమారు బోర్లా పడ్డాడు. రెండో పోటీలో ఛాతీ మీద తోశాడు. అవతలివాడు కదల్లేదు. ఇంకొక్కసారి ఓడితే గోదా వదిలి ఇంటికెళ్ళిపోవాల్సిందే. ఆ పూట గిన్నెలో అన్నం గిన్నెలోనే ఉండిపోయింది.

అప్పుడు గురువు తనే ఛాతీ విరుచుకుని గోదాలో నిలబడ్డాడు. "నన్ను తొయ్యి. చేత్తో కాదురా, మడమతో!"

తోశాడు. ముసలాయన కదల్లేదు. మళ్ళీ తోశాడు, మళ్ళీ. చెమటకి కళ్ళు మూసుకుపోయాయి. అప్పుడు, చిన్నప్పుడు నాన్నతో కలిసి పడవని నీళ్ళలోకి తోసిన పొద్దులు గుర్తొచ్చాయి. పాదం ఎత్తకుండా ఇసకలో జరపాలి. కిందనుంచి పైకి తొయ్యాలి. అలాగే చేశాడు. గురువు పడవలా మెల్లగా వెనక్కి జారిపోయాడు, నవ్వుకుంటూ.

ఆ తర్వాత మూడో పోటీ. ఎదురుగా ఇవాగసే, ఎవరికీ లొంగని మనిషి.

ఇద్దరూ ఢీకొన్నారు. జనం కేకలు కియోమారుకి దూరపు అలల హోరులా వినబడ్డాయి. కియోమారు, ఇవాగసే చంకల కిందికి తన అరచేతులు పోనిచ్చాడు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, కింద పాదాలు ఇసకలో జారుతూ, జారుతూ... ఇవాగసే మడమ తాడుకి తగిలింది. ఇంకొక్క తోపు. గిరి దాటిపోయాడు!

దాటి, గోదా అంచున వెనక్కి తూలాడు. కింద పడితే నడుం విరగాల్సిందే. కియోమారు గబుక్కున రెండు చేతులూ అతని చుట్టూ వేసి, గుండెకి అదుముకున్నాడు.

"పడిపోయేవాణ్ణి," అన్నాడు ఇవాగసే, అతని చెవిలో.

"పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసన్నా," అన్నాడు కియోమారు.

కథేమో వెళ్ళింది కంచికి,
మనమేమో చేరాం ఇంటికి,
కునుకేమో నీ చిన్ని కంటికి.