అబ్నేరు అడిగిన పుస్తకం

అబ్నేరుకు సరిగ్గా నిద్రపట్టి చాలా రోజులైంది.

అవనిగడ్డ దగ్గర ఒక పల్లెలో, చిన్న సంఘానికి అతను కొత్తగా వచ్చిన సువార్తికుడు. భార్య సలోమికి ఏడో నెల వచ్చింది. మొదటిసారి కడుపులో బిడ్డ పోయింది కూడా ఏడో నెలలోనే. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దని గట్టిగా చెప్పింది.

ఆదివారం గుడిలో భయపడవద్దని వాక్యం చెప్పేవాడు. ఇంటికొచ్చాక సలోమి కాస్త మూలిగితే చాలు, అతని గుండె జారిపోయేది. దానికి తోడు, తన విశ్వాసం ఉత్త మాటలేనేమోనన్న దిగులొకటి. విశ్వాసం గురించి దొరికిన పుస్తకమల్లా చదివాడు. మంచం పక్కన కూర్చుని ఆమెకూ పైకి చదివి వినిపించాడు. ఆమె తల ఊపేది.

ఒక సాయంత్రం, రాగిజావ కాచి ఆమె పక్కన పెట్టి, తనకు పరిచర్య నేర్పిన జెకర్యా అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. ఆ ముసలాయన గది నిండా పుస్తకాలే.

"అయ్యగారూ, భయం పోయే పుస్తకం ఏదైనా ఉంటే ఇప్పించండి. నాకు విశ్వాసం చాలడం లేదు."

"సలోమి ఏమంటోంది?"

"తను ధైర్యంగానే ఉందండి. నేనే ఇలా అయిపోయాను."

"ధైర్యంగా ఉన్నానని నీతో చెప్పిందా?"

అబ్నేరు తడబడ్డాడు. "చెప్పలేదండి. నేనే అనుకున్నాను."

అయ్యగారు బీరువా వైపు చూడనైనా లేదు. కండువా భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు.

"పద."

తను లేని ఈ కాసేపట్లో ఏమైనా జరిగిందేమోనని అబ్నేరు దారంతా పెద్ద పెద్ద అంగలు వేస్తూనే ఉన్నాడు. ముసలాయన నెమ్మదిగా నడుస్తుంటే మళ్ళీ ఆగేవాడు.

సలోమి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జావ ముట్టుకోలేదు. అయ్యగారిని చూసి లేవబోతే ఆయన వద్దని చెయ్యి ఊపారు. అబ్నేరు అలవాటుగా బైబిలు అందుకున్నాడు. అయ్యగారు దాన్ని మెల్లగా అతని చేతుల్లోంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. అతని చేతికి జావ గిన్నె ఇచ్చారు.

"భయంగా ఉందా, అమ్మా?"

సలోమి భర్త వైపు చూసింది.

"చాలా భయంగా ఉందండి. బిడ్డ కాసేపు కదలకపోతే నా ప్రాణం నా దగ్గర ఉండదు. ఈయనతో చెబితే, నాకు విశ్వాసం లేదనుకుంటారేమోనని..."

అబ్నేరు గిన్నెతో ఆమె పక్కన మంచం అంచున కూర్చున్నాడు.

"నాకూ భయంగానే ఉంది, సలోమీ."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, దిండుకు ఆనుకుని కొంచెం పైకి జరిగింది. అతను చెంచాతో జావ పట్టించాడు. ఆమె తాగింది.

అయ్యగారు గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగి, కళ్ళు మూసుకున్నారు.

"తండ్రీ, వీళ్ళిద్దరికీ భయంగా ఉంది. నువ్విక్కడే ఉండు. ఆమేన్."

ఇంకా ఏదో అంటారని అబ్నేరు కళ్ళు మూసుకునే ఉన్నాడు. గుమ్మం బయట చెప్పుల చప్పుడు దూరమైంది.

సలోమి అతని చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది. ఇద్దరూ బిడ్డ కదలిక కోసం కనిపెట్టుకుని ఉన్నారు.