ఖాళీలన్నిట్లోనూ జమీందారే

నేను కళ్లారా చూశాను. కాదన్నవాడికి మీసం తీయించేస్తాను! మా ములగవలస జమీందారుగారు కచేరీలో అందరి ముందూ ఇంగ్లీషు నేర్చుకుంటుంటే భయానికి కాకులు అరవడం మానేశాయి. 'అతను, ఆమె, అది, నేను: ఖాళీల్లో సరైనది రాయండి' అని పంతులు అంటే ఆయన అన్నిట్లోనూ 'ఐ', అంటే 'నేను' అనే రాశారు.

"నా జమీలో నేను కాక ఇంకెవడయ్యా? తప్పన్నావో, నీ ఉద్యోగం ఊడిందే!"

పంతులు పేరిశాస్త్రి దిద్దబోయిన కలం జేబులో దాచేశాడు.

పంకా లాగే గవరయ్య తాడు వదిలేశాడు. "పంతులుగారూ, బాబుగారు రాసింది తెలుగులో చదవండి. కచేరీ అంతా విని తరిస్తుంది."

పంతులు చదివాడు. "నేను కోడిని దొంగిలించాను. నేను చెప్పుదెబ్బలు తిన్నాను. నేను మూడు గుడ్లు పెట్టాను."

"ఊళ్లో దండోరా వేయించమంటారా, బాబూ?" అన్నాడు గవరయ్య వినయంగా.

"వద్దురా! దిద్దవయ్యా పంతులూ! ముందా గుడ్లు కోడికిచ్చెయ్!"

అప్పుడు జనం నవ్విన నవ్వులకు ఎగిరిన కచేరీ పెంకు ఒకటి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది!