పదిహేడో బిళ్ళ

ఆ ఉదయం ఫణిశ్రీ కాళ్ళు భూమ్మీద లేవు. విశాఖ యూనివర్సిటీలో లోహశాస్త్ర విభాగం మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, రొప్పుతూ వలీ మాస్టారి గది ముందు ఆగింది. చేతిలో చిన్న డబ్బా, డబ్బాలో దూది, దూది మీద రూపాయంత లోహపు బిళ్ళ.

"అయిపోయింది సార్! పంతొమ్మిదో బిళ్ళ. మైక్రోస్కోపు కింద పెట్టి రెండు రోజులు వెతికాను. ఒక్క వంక దొరికితే ఒట్టు! మీరే చూడండి."

ఆయన చూడలేదు. టీ తాగుతున్నారు.

మస్తాన్‌వలీ మాస్టారు నలభై ఏళ్ళుగా లోహాలతో కాపురం చేస్తున్న మనిషి. ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళంతా ఒకే మాట చెబుతారు: ఆయన్ని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది.

ఫణిశ్రీ పని గోడ గురించి. సూర్యుడిలో మండే మంటని ఒక యంత్రంలో బంధించి కరెంటు తీయాలని దేశదేశాలవాళ్ళు తంటాలు పడుతున్నారు కదా, ఆ ఫ్యూజన్ రియాక్టర్ లోపలి గోడ. పాత బల్బుల్లో వెలిగే తీగ టంగ్‌స్టన్. అంత వేడికీ కరగకుండా నిలబడేది అదేనని గోడకి దాన్నే ఎంచుకున్నారు. కానీ పేచీ వేడితో ఆగలేదు. మంటలోంచి న్యూట్రాన్లూ హీలియం పరమాణువులూ ఎడతెరిపి లేకుండా వచ్చి గోడలోకి దూరతాయి. దూరిన హీలియం ఊరుకోదు. లోపల్లోపల తిరిగి, ఒకచోట గుమిగూడి, బుడగై, లోహాన్ని పూరీలా పొంగించి పగలగొడుతుంది. పొంగని టంగ్‌స్టన్ చేసి చూపిస్తానని మూడేళ్ళ కిందట ఈ పిల్ల మాస్టారికి మాటిచ్చింది.

అలాంటి దెబ్బలు కొట్టి పరీక్షించే పెద్ద యంత్రం వేరే రాష్ట్రంలో ఉంది. దాని వంతు కోసం ఏడాదిన్నర ఎదురుచూస్తే వచ్చింది ఒక్క వంతు, అదీ ఒక్క బిళ్ళకి. మధ్యాహ్నం రెండింటికి డబ్బా బయలుదేరాలి. ఆ బిళ్ళ పొంగిందా, మూడేళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే. వేసవికి పరిశోధన గడువు అయిపోతుంది. మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

"సంతకం పెట్టండి సార్," అంది ఫారం ముందుకు జరిపి.

"మిగతా బిళ్ళలు ఏయమ్మా?"

"అవన్నీ పాడు సార్."

ఆ లాబ్‌లో అదొక ఆచారం. చెడిపోయిన బిళ్ళ మీద ఎర్రరంగుతో 'పాడు' అని రాసి అడుగు సొరుగులో పడేస్తారు. ఆ సొరుగు తెరిచే దిక్కు ఉండదు.

"వాటన్నిట్లోకీ బాగా పాడయింది ఏది?"

ఫణిశ్రీకి నవ్వొచ్చింది. "పదిహేడోది సార్. దాని కథ అడక్కండి."

"అడిగానుగా."

తలవంచుకుని చెప్పింది. లోహపు పొడిని ఉక్కు డబ్బాలో గట్టి గుళ్ళతో కలిపి తిప్పే మిల్లు ఒకటుంది. పిన్ని కూతురి పెళ్ళికి రాజాం వెళ్ళే హడావిడిలో దాన్ని ఆపడం మరిచిపోయింది. ఇరవై గంటలు తిరగాల్సింది మూడు రోజులు తిరిగింది. పొడి మరీ మెత్తబడిపోయింది. చాలదన్నట్టు అంతకుముందు అందులో ఎవరో కార్బైడ్ అనే గట్టి పొడి నూరి సరిగ్గా కడగలేదు, అదీ కలిసింది.

"బిళ్ళ చేసి చూస్తే లోపలంతా రేణువుకీ రేణువుకీ మధ్య అతుకులే సార్. పాతబస్తీలాగా ఎటు చూసినా సందులు. రుద్దినా మెరవదు."

"మరి నీ పంతొమ్మిది?"

"దాన్ని కొలిమిలో రోజుల తరబడి ఉంచి అతుకులన్నీ చెరిపేశాను. లోపల మైదానమే!"

మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టారు. "ఆ మిల్లు గుళ్ళు గుప్పెడు పట్టుకురా. చిన్నవి, మిరియాలంతవి."

ఫణిశ్రీ గడియారం చూసింది. పదకొండు. అయినా పరుగెత్తి తెచ్చింది.

ఆయన అద్దంలా మెరిసే స్టీలు పళ్ళెం ఆమె చేతుల్లో పెట్టి, అందులో గుళ్ళు పోసి, కింద నుంచి వేలితో టక్కున తట్టారు. పళ్ళెం రవ్వంత ఒరిగింది. అంతే, గుళ్ళన్నీ ఝల్లుమని ఒక మూలకి ఉరికి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, అంచు దాటి నేలపాలయ్యాయి. బీరువా కింద దూరినవి దూరగా మిగిలినవి ఏరుకోవడానికి ఆమె మోకాళ్ళ మీద పాకాల్సి వచ్చింది.

ఈలోగా మాస్టారు గుమ్మం దగ్గరి కొబ్బరిపీచు పట్టా తీసి, బయట దులిపి, తెచ్చి ఆమె చేతుల మీద పరిచారు. అవే గుళ్ళు దాని మీద పోశారు. వేలితో తట్టారు. అరచేత్తో కొట్టారు. చివరికి పిడికిలితో గుద్దారు.

ఒక్క గుండూ కిందపడలేదు.

"ఏరు," అన్నారాయన.

ఫణిశ్రీ గోళ్ళతో పీచు విడదీసి వెతికింది. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి. ఎంత వెతికినా రెండు ఒకచోట దొరకలేదు. పదో గుండు తీస్తూ తీస్తూ ఆమె చెయ్యి ఆగిపోయింది. ఈ పీచులోనూ ఎటు చూసినా సందులే!

"సార్... పదిహేడు పంపమంటారా?"

"నేనేమన్నాను? గుళ్ళు ఏరమన్నా."

"అది పోతే నేనూ పోయినట్టే సార్!"

"పంతొమ్మిది పోతే ఉంటావా?" అని ఆయన చల్లారిన టీ అందుకున్నారు.

ఇక ఆగలేదు ఆ పిల్ల. ఎగిరినట్టే వెళ్ళి సొరుగు లాగింది. ఎర్రరంగు తుడిచింది, బిళ్ళని రుద్దింది. ముదనష్టపుది, ఎంత రుద్దినా మబ్బు పట్టినట్టే ఉంది! రెండవడానికి ఏడు నిమిషాలుండగా రెండు బిళ్ళలూ బల్ల మీద పెట్టుకుని నిలబడింది. ఒకటి మొహం చూసుకునేటంత నున్నన. ఒకటి అటక మీది చిల్లరలా నల్లన. కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచి, నల్లదాన్ని దూదిలో పెట్టింది. మాస్టారు ఏ నంబరుందో చూడకుండానే సంతకం పెట్టారు.

తరవాతి ఇరవైరెండు రోజులూ ఆమెకి అన్నం సహించలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే విసుక్కునేది.

ఫొటోలు శుక్రవారం వచ్చాయి. కంప్యూటరు తెర మీద బిళ్ళ లోపలి బొమ్మ వేలరెట్లు పెద్దదై విచ్చుకుంది. వాపు లేదు. పగులు లేదు. ఫణిశ్రీ పెట్టిన కేకకి కింద వర్క్‌షాపులో వాళ్ళు ఎవరికో కరెంటు కొట్టిందనుకుని పైకి పరుగెత్తుకొచ్చారు. జనాన్ని తోసుకుంటూ, బొమ్మ అచ్చుతీసిన కాగితం పట్టుకుని ఆమె వరండాలోకి దూసుకెళ్ళింది.

మాస్టారు నమాజుకి బయలుదేరి టోపీ సర్దుకుంటున్నారు.

"సార్! గెలిచాం సార్! పొంగలేదు! దానికి ఒక్క దెబ్బ కూడా తగల్లేదు సార్!"

ఆయన కాగితం అందుకున్నారు. సగం సర్దిన టోపీ అలాగే వదిలేశారు. ఎన్నాళ్ళుగానో ఆయనా దీనికోసమే కాచుకుని ఉన్నారని ఫణిశ్రీకి అప్పుడు తెలిసింది. కళ్ళజోడు పైకి తోసి, కాగితం ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశారు. తరవాత దాన్ని ఆమె వైపు తిప్పి, అతుకుల వెంట ఉన్న హీలియం చుక్కల మీద వేలు పెట్టారు. ఆవగింజలో పదోవంతు లేని చుక్కలు. లెక్కలేనన్ని. దేని చోట్లో అది విడివిడిగా కూర్చుని ఉంది.

"తగల్లేదని ఎవరన్నారు తల్లీ? అన్నీ తగిలినై," అన్నారు మెల్లగా. "దిగమింగుకుంది."