దుప్పటి కప్పుకున్న చేను

అనగా అనగా, వాన దారి తప్పితే తప్ప రాని ఒక ఊరు. ఆ ఊళ్ళో ఓబన్న అని ఒక రైతు, ఆయన కోడలు సుంకులమ్మ. ఓబన్నకి చేనంటే అద్దంలా ఉండాలి. కోత అయిందా, మోళ్ళు పీకి తగలబెట్టడమే. ఎండుటాకు పడిందా, చీపురు పట్టుకుని పరుగే. పండగొస్తే చేలో ముగ్గు కూడా వేసేవాడుట! నవ్వకండి, మీ తాత మాత్రం తక్కువా? ఊ కొడుతున్నారా?

అలా ఊడ్చీ ఊడ్చీ ఆ నేల అట్లపెనంలా కాలిపోయేది. ఆ చేలో ఒక దయ్యం కాపురం ఉండేది. దానివి అసలే వెనక్కి తిరిగిన పాదాలు, పైగా బొబ్బలు. ఓర్చుకోలేక ఒకనాడు పొద్దున్నే తిన్నగా ఓబన్న ఇంటికొచ్చి, అటకెక్కి, విత్తనాల కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా ఇల్లు చల్లబరుస్తారా, ఈ గింజలు నమిలెయ్యనా అంది. ఇంట్లో మిగిలిన విత్తనమంతా ఆ కుండలోదే. అది పోతే ఆ ఏడు చేనూ లేదు, కూడూ లేదు. ఓబన్న చీపురు పట్టుకుని తలుపు చాటున దాక్కున్నాడు.

సుంకులమ్మకీ భయమే, కానీ గింజల మీద బెంగ అంతకన్నా ఎక్కువ. కూర్చుని ఆలోచించింది. దయ్యానికేమో నేల కాలింది, నేల మీదేమో ఆకు లేదు, ఆకునేమో మామ ఊడ్చాడు, మామకేమో ఊరు నవ్వుతుందని భయం. సరే, నవ్వితే నవ్వనీ అనుకుని, కందికట్టె, వేరుశనగ పొట్టు, ఎండుటాకులు గంపలకెత్తి చేనంతా మందంగా పరిచింది. దయ్యం వెళ్ళి దాని కింద దూరి, అబ్బ, ప్రాణం లేచొచ్చిందమ్మా అని కుండ తిరిగిచ్చేసింది. దయ్యానికి ప్రాణమెక్కడిది అని అడక్కు చిట్టీ, కథ పాడవుతుంది.

ఊరంతా పగలబడి నవ్వింది. ఓబన్న కోడలు చేనుకి దుప్పటి కప్పింది, రేపు జోల కూడా పాడుతుంది అన్నారు. ఓబన్నకి తల కొట్టేసినట్టయింది. పరుగున వెళ్ళి చెత్త లాగాడు. కిందనుంచి దయ్యం లాగింది. ఆయన ఇటు, అది అటు. ఆయన ఇటు, అది అటు. చివరికి ఆయన పంచె కూడా చెత్త కిందికే పోయింది. పాపం, చీపురు అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఒక వాన పడింది. సుంకులమ్మ చెత్తని పాయలు తీసి కంది, జొన్న, అలసంద కలిపి విత్తింది. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. ఊరి చేలన్నీ మాడిపోయాయి. ఆ చెత్త కింద తడి మాత్రం ఆరలేదు, పైరు పచ్చగా నిలబడింది. సుంకులమ్మ మట్టి పిడికిట్లోకి తీసుకుని చూసి, సంతోషం పట్టలేక ఏడ్చేసింది పిచ్చిది.

ఊరు పరిగెత్తుకొచ్చింది. ఆ తడి నిలిచింది చెత్త వల్లే నాయనా, మీరూ పరవండి అని సుంకులమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. వింటేగా! మాకు తెలీదా, ఇదంతా దయ్యం మహిమ, మాకూ తలొక దయ్యాన్ని ఇప్పించు అని ఒకటే గోల. ఆమె నవ్వు ఆపుకుని, దయ్యాలు పిలిస్తే రావు, మెత్తటి పడక ఉంటే అవే వస్తాయి, పడక ఎత్తి చూశారో, పారిపోతాయి అని చెప్పింది.

అంతే! ఊరంతా పొట్టు మోసింది, ఆకులు మోసింది. ఆకు తగలబెట్టేవాణ్ణి తన్నబోయారుట. మరుసటేడు ఇంటింటా కందులు, జొన్నలు. మా దయ్యం మంచిదంటే మా దయ్యం మంచిదని పోట్లాట కూడాను. నిజానికి ఆ ఊరికున్నది ఒక్కటే దయ్యం, అదేమో ఓబన్న పంచె కట్టుకుని హాయిగా నిద్రపోతోంది. ఇంతవరకూ ఒక్కరూ ఎత్తి చూడలేదు.

నేలకీ మనలాగే ఒంటి మీద ఇంత కప్పాలర్రా. కథ కంచి దారి పట్టింది. మీరూ ఆ దుప్పటి ఇటూ అటూ లాక్కోకుండా పడుకోండి, అటు కొస ఎవరు పట్టుకున్నారో ఏమో.