వడ్డించినవాడి విస్తరి

ఎరకయ్య స్వామిని ప్రశ్న అడగాలనుకునేవాళ్లు ఒంట్లో కాస్త ఓపిక మిగుల్చుకుని వెళ్లాలి. జవాబు చెప్పే ముందు ఆయన అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. మోక్షం సంగతి అడిగిన రిటైర్డు హెడ్మాస్టరు చేత పశువుల శాల కడిగించారు. మనశ్శాంతి కావాలన్న వడ్డీ వ్యాపారిని గంపెడు చింతపండు ముందు కూర్చోబెట్టి పిక్కలు తీయించారు. వంశధార ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో పనులకు కొరత లేదు, ప్రశ్నలకు అసలే లేదు. అందుకని ఏర్పాటు చక్కగా సాగిపోతోంది.

ఒక పౌర్ణమి నాడు శాసనసభ్యుడు తవిటినాయుడు వచ్చాడు. పదవి రాకముందు నుంచీ ఆయన స్వామికి శిష్యుడు. ఉన్నమాట చెప్పుకోవాలంటే మంచివాడు. లంచం తిన్నాడని గిట్టనివాళ్లు కూడా ఏనాడూ అనలేదు. ఆయన కష్టమంతా అక్కడే ఉంది. తెల్లారేసరికి వాకిలి నిండా జనం. వచ్చినవాళ్లకు టీలు, టిఫిన్లు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు చేతిఖర్చులు, పెళ్లిళ్లకు చదివింపులు. నెల మొదట్లో వచ్చిన జీతం వారం తిరక్కుండా ఆవిరైపోతుంది. తాతల నాటి జీడితోట అమ్మేశాడు. అది అమ్మిన రోజు నుంచి భార్య ఆయనతో మాట్లాడటం మానేసి, చెప్పాల్సిందేదో గోడ మీదున్న ఆయన ఫొటోకి చెబుతోంది. ఇప్పుడు శాసనసభ్యుల జీతాలు పెంచే బిల్లు సభకు వస్తోంది. "మచ్చలేనివాడివి, నువ్వు లేచి సమర్థిస్తే ఎవరూ నోరెత్తరు" అని పార్టీ పెద్దలు ఆ పని ఆయన నెత్తినే పెట్టారు.

"స్వామీ, ప్రజలు ఎన్నుకున్నవాడు ఎక్కువ జీతం కోరుకోవచ్చా?" అని అడిగాడు తవిటినాయుడు. "నిజాయితీగా బతకాలంటే వచ్చేది చాలదు. పెంచమందామంటే సిగ్గేస్తోంది. మీరు సరేనంటే రొమ్ము విరుచుకుని మాట్లాడతాను. తప్పంటే నోరు మూసుకుంటాను."

స్వామి ఆయన్ని ఎగాదిగా చూశారు. "పౌర్ణమి కదా, సంతర్పణ ఉంది. వడ్డించేవాడికి జ్వరం వచ్చింది. లేచి పప్పు బకెట్టు అందుకో నాయుడూ" అన్నారు.

గన్‌మేన్ ఒక్క అంగలో ముందుకొచ్చి, తాను మోస్తానన్నాడు. "నువ్వు తుపాకీ మొయ్యి నాయనా, బకెట్టు ఆయన మోస్తాడు" అన్నారు స్వామి.

తవిటినాయుడు ఇస్త్రీ చొక్కా విప్పేసి, తువ్వాలు నడుముకు చుట్టి బరిలోకి దిగాడు. మొదటి బంతిలో అందరూ తెలిసిన మొహాలే. మాజీ సర్పంచి, రోడ్ల కాంట్రాక్టరు, ఇద్దరు ముగ్గురు పార్టీ కార్యకర్తలు. చెయ్యి దానంతటదే ధారాళమైపోయింది. వద్దు వద్దంటున్నా బూరెలు రెండేసి వేశాడు, మొహమాటపడిన వాళ్లకు మూడోది కూడా వేశాడు. రెండో బంతికి ఒక్కొక్కటీ, చివరలో సగం సగం చేసి సర్దాడు. మూడో బంతిలో ఊడ్పులు ముగించుకుని మోకాళ్ల దాకా బురదతో వచ్చిన కూలీలు కూర్చున్నారు. వాళ్ల దగ్గరికి వచ్చేసరికి అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు పుష్కలంగా ఉన్నాయి గాని, బూరెల పళ్లెం నున్నగా మెరుస్తోంది.

"బూరెలు నేవా బాబూ?" అని అడిగింది గున్నమ్మ. ఊడ్పుల మేస్త్రీ ఆవిడ. పదిమందిని వెంటేసుకు తిరిగే మనిషి. పెద్ద గొంతు, పెద్ద మనసు.

"వస్తున్నాయమ్మా, వస్తున్నాయి. వేగుతున్నాయి" అన్నాడు తవిటినాయుడు. వంటశాలలో పొయ్యి ఆర్పేసి చాలాసేపైందని ఆయనకు తెలుసు. అబద్ధమాడాలని కాదు పాపం, ఇన్నేళ్ల సభల అలవాటుకొద్దీ నోరు ముందే పలికేసింది. వాళ్లు కూడా ఇన్నేళ్లుగా వింటున్నవాళ్లే కాబట్టి, ఇంకేమీ అడక్కుండా మజ్జిగ పోయించుకుని తినేశారు.

అప్పటికి ఆయన నడుము పట్టేసింది. ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి. చివరికి ఒక విస్తరి ముందు చతికిలబడ్డాడు. వంటాయన మూత పెట్టిన గిన్నె తెచ్చి పక్కన పెట్టి, "వడ్డించినవారి వంతండీ, ముందే తీసి ఉంచుతాం" అని మూత తీశాడు. గిన్నె నిండా బూరెలు. మూడో బంతి మొత్తం మెడలు తిప్పి అటే చూసింది. తవిటినాయుడికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా ఆకలి ఆకలే కదా, మెల్లిగా గిన్నెలోని గరిటె మీదకి చెయ్యి పోనిచ్చాడు.

గున్నమ్మ వచ్చి ఆ గరిటె లాగేసుకుంది. "ఆగు బాబూ. వడ్డించినోడు తన ఆకులో తానేసుకోకూడదు. ఆఖరి బంతోళ్లం మేం ఏత్తాం. ఈడ అదే ఆచారం."

ఇంతకాలపు శిష్యుడికి ఈ ముక్క తెలియకపోవడం వింతే. కాని ఎప్పుడొచ్చినా ఆయన్ని మొదటి బంతిలో కూర్చోబెట్టి, చెయ్యి కడగగానే కారెక్కించేవారు. ఆ తరవాత ఇక్కడ ఏం జరుగుతుందో ఆయన చూసిందెప్పుడు?

గున్నమ్మ తనవాళ్ల వైపు తిరిగింది. "ఏటర్రా, బాబుకి ఎంతెయ్యమంటారు?"

"మనకాడికొచ్చేసరికి పళ్లెం నాకేసినట్టుంది, మరి ఈయనకెంతెయ్యాల?" అన్నాడొకడు. "ఒల్లంతా సెమట సూడు, కడుపు నిండా ఎయ్యవే" అంది ఇంకొకామె. కాసేపు అక్కడ జరిగిన చర్చ శాసనసభలో జరిగేదానికి ఏ విధంగానూ తీసిపోలేదు, మైకులు విరగలేదన్నమాటే గాని.

గున్నమ్మ గుట్టగా అన్నం వేసింది. పప్పు, పులుసు వంగి వంగి పోసింది. బూరెల గిన్నె మీద మాత్రం మూత పెట్టేసి, "వత్తన్నాయి బాబూ, వత్తన్నాయి. ఏగుతన్నాయి" అంది.

బంతి బంతంతా గొల్లుమంది. దూరంగా నిలబడ్డ గన్‌మేన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. తవిటినాయుడు ముందు తెల్లబోయి, తరవాత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఆ నవ్వులోనే ఎక్కడో నిజమైన కన్నీళ్లు కూడా ఉన్నాయి. గున్నమ్మ మూత తీసి ఒక బూరె ఆయన ఆకులో వేసి, మిగతావి తనవాళ్లకు తలా ఒకటి పంచింది. "అన్నం ఎట్టించుకో బాబూ, పొద్దుట్నుంచీ నిలబడున్నావు. ఇంకొంచెం, ఇదిగో, ఇంకొక్క గరిటె" అంటూ వేస్తూనే ఉంది. కోపం ఏ మూలా లేదు. ఆఖరికి ఆయనే రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టి, "చాలమ్మా, చాలు. నిజంగా చాలు" అన్నాడు.

చెయ్యి కడుక్కుని స్వామి దగ్గరికి వచ్చాడు. చొక్కా తొడుక్కున్నాడు గాని గుండీలు పెట్టుకోవడం మరిచిపోయాడు.

"స్వామీ, నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఎల్లుండి సభలో నేనేం మాట్లాడను?"

"కడుపు నిండిందా?"

"నిండింది స్వామీ. ఆవిడ ఇంకా వేస్తానంటే నేనే వద్దన్నాను."

"అదే గరిటె నీ చేతిలో ఉండుంటే?"

తవిటినాయుడు మూత తీసిన ఆ గిన్నెనూ, దాని మీదకి వెళ్లిన తన చేతినీ తలచుకుని తలవంచుకున్నాడు.

ఎరకయ్య స్వామి నవ్వి, ఆయన చొక్కా గుండీలు తామే పెడుతూ అన్నారు: "ఎక్కువ తినడం తప్పని నేననను నాయుడూ. కష్టపడ్డవాడు తినాల్సిందే. కాని చాలన్న మాట నీ నోట ఎవరి ముందు వచ్చిందో, దారిలో ఒకసారి ఆలోచించుకో."